షో ముందు పోనీ చలికాలపు బొచ్చు: క్లిప్పర్ పెట్టాలా, ఆగాలా?

ప్రశ్న క్లుప్తంగా: ఇంగ్లండులో ష్రాప్‌షైర్‌లో ఉంటున్న ఒక తెలుగు తల్లి అడిగారు. పదకొండేళ్ల అమ్మాయి కోసం వెల్ష్ సెక్షన్ ఏ (వెల్ష్ పోనీల్లో చిన్న రకం) ఆడ పోనీని లోన్ మీద, అంటే కొనకుండా ఓనరు దగ్గర అరువుగా, తీసుకున్నారు. దాని వయసు 17, రంగు గ్రే, అంటే చూపుకి తెలుపే. పగలు పచ్చికలో, రాత్రి స్టేబుల్‌లో ఉంటుంది. ఇప్పుడు జనవరి నెలాఖరు, ఒళ్లంతా దట్టమైన బొచ్చు. ఏప్రిల్ మొదట్లో మొదటి నేటివ్ పోనీ క్లాస్ (బ్రిటన్ సొంత జాతుల పోనీలకి షోలో పెట్టే పోటీ), మే నెలలో ఇంకో పెద్ద షో. గుర్రాలుండే యార్డులో ఒకరు మొత్తం క్లిప్ చేసేయమంటున్నారు, అంటే మెషీన్‌తో గొరిగేయమని, ఇంకొకరు మూడు రగ్గులు కప్పితే అదే రాలిపోతుందంటున్నారు. పోయినేడు జూన్ వచ్చినా పొట్ట కింద పొడుగు వెంట్రుకలు పోలేదని ఓనరు చెప్పిన మాట కూడా చివర్లో ఒక ముక్కలో రాశారు.

సూటిగా జవాబు: క్లిప్ చేయొద్దు, మూడు రగ్గులూ వద్దు. ఈ వారం నుంచే స్టేబుల్‌లో లైటు పొద్దు పెంచండి, రోజూ చేత్తో మాలీసు చేయండి, వారానికి రెండుసార్లు వేడి గుడ్డ పట్టండి, షోకి వారం పది రోజుల ముందు దవడ, చెవులు, మడమలు మాత్రం సర్దండి. ఏప్రిల్ షోకి బొచ్చు సగం ఉండగానే వెళ్లండి, తప్పు లేదు. మే నాటికి వేసవి బొచ్చు వచ్చేస్తుంది.

అయితే వీటన్నిటికంటే ముందు ఒక పని ఉంది. మీరు చివర్లో రాసిన ఆ జూన్ మాట నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది.

పదిహేనేళ్లు దాటిన పోనీకి ఎండాకాలం వచ్చినా పొట్ట కింద, దవడ కింద, కాళ్ల వెనక పొడుగు వెంట్రుకలు మిగిలిపోతున్నాయంటే అది బ్రష్‌తో తీరే సమస్య కాకపోవచ్చు. కుషింగ్స్ అని యార్డులో అందరూ అనే జబ్బు, వెట్లు (పశువైద్యులు) పీపీఐడీ అంటారు, ఇలాగే మొదలవుతుంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని అదుపులో పెట్టే డోపమైన్ నరాలు వయసుతో దెబ్బతింటాయి, హార్మోన్లు అదుపు తప్పుతాయి, బొచ్చు రాలే లెక్క చెడిపోతుంది. దీంతో పాటు వీపు మీద కండ కరగడం, నీళ్లు ఎక్కువ తాగడం, చిన్నచిన్న పుండ్లు మానకపోవడం కూడా కనిపించవచ్చు. అసలు భయం లామినైటిస్, అంటే గిట్ట లోపలి పొర వాచి పోనీ నడవలేకపోవడం. వెట్‌ని పిలిచి ఏసీటీహెచ్ (పిట్యూటరీ నుంచి వచ్చే హార్మోను) రక్తపరీక్ష చేయించండి. ఆ హార్మోను ఎండాకాలం చివర్లో, శరదృతువులో మామూలుగానే పెరుగుతుంది కాబట్టి ల్యాబ్ ఫలితాన్ని నెలను బట్టి చదవాలి. జనవరిలో తేలికపాటి కేసు మామూలు పరీక్షకి దొరక్కపోవచ్చు. అప్పుడు పిట్యూటరీని కదిలించే టీఆర్‌హెచ్ అనే హార్మోను ఇచ్చి, పది నిమిషాల తర్వాత మళ్లీ రక్తం తీసే పరీక్ష చేస్తారు. దానికి ఇది సరైన కాలమే. జబ్బు తేలితే పెర్గొలైడ్ మాత్ర రోజూ ఇవ్వాలి. ఆ మందు మీద ఉన్న పోనీని పోటీకి దించాలంటే ఆ షో మందుల నియమాలు ఎంట్రీ కట్టకముందే అడిగి తెలుసుకోండి. లోన్ పోనీ కాబట్టి పరీక్ష ఖర్చు ఎవరిది, మందు ఖర్చు ఎవరిది అన్నది ఓనరుతో ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది.

పరీక్షలో ఏమీ లేదని తేలితే ఇక మిగతాదంతా బొచ్చు పనే.

బొచ్చు రాలేది వెలుతురు వల్ల

చలి తగ్గితే బొచ్చు రాలుతుందని చాలామంది అనుకుంటారు. అసలు లెక్క పగటిది. పగలు ఎంతసేపుందో కంటి ద్వారా మెదడులోని పీనియల్ గ్రంథికి తెలుస్తుంది. రాత్రులు పొడుగ్గా ఉంటే మెలటోనిన్ అనే హార్మోను ఎక్కువసేపు ఊరుతుంది, ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోను తక్కువగా ఉంటుంది, బొచ్చు నిలిచి ఉంటుంది. డిసెంబరు 21 దాటి పగలు పెరిగేకొద్దీ ప్రొలాక్టిన్ పెరుగుతుంది, పాత వెంట్రుక కుదురు వదులవుతుంది, కింద నుంచి కొత్తది తోసుకొస్తుంది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తంలో చిన్న పగలు 11 గంటలు, పెద్ద పగలు 13 గంటలు. మీ ష్రాప్‌షైర్‌లో డిసెంబరులో 8 గంటల లోపు, జూన్‌లో 16 గంటల పైన. మన ఊళ్లో జట్కా గుర్రాల ఒంటి మీద ఎప్పుడూ చూడని మార్పు మీ పోనీ ఒంటి మీద ఇంత తీవ్రంగా కనిపించడానికి పెద్ద కారణం ఈ తేడానే.

రగ్గు వేస్తే వెంట్రుకలు లేచి నిలబడవు, ఒంటికి అంటుకుని పడుకుంటాయి, నూనె పైకి వచ్చి కాస్త నిగారింపు వస్తుంది. అందుకే రగ్గు వల్ల బొచ్చు తగ్గినట్టు కనిపిస్తుంది. కాలం మాత్రం ముందుకు జరగదు. పైగా మూడు రగ్గుల కింద లావుపాటి వెల్ష్ పోనీ చెమట పడుతుంది, చెమటకి దురద పుడుతుంది, దురదకి జూలు రుద్దుకుంటుంది. ఏప్రిల్‌కి మీ చేతిలో బొచ్చున్న పోనీయే ఉంటుంది, జూలు మాత్రం సగం పోయి ఉంటుంది. భుజాల ముందు వెంట్రుకలు అరిగి నున్నగా అవ్వడం ఇంకో నష్టం. తెల్ల పోనీకి అక్కడ నల్ల చర్మం బయటపడుతుంది, దాన్ని రింగులో దాచలేరు.

లైటు ఇలా పెట్టండి. సహజమైన పగలూ, లైటూ కలిపి రోజుకి 16 గంటలు వెలుతురు, 8 గంటలు పూర్తి చీకటి. ఉదయం 7 నుంచి రాత్రి 11 అనుకుంటే, సాయంత్రం పోనీ లోపలికి వచ్చేసరికి లైటు వెలుగుతూ ఉండాలి, 11కి టైమర్ ఆర్పేయాలి. పన్నెండడుగుల గదికి పాతకాలపు 100 వాట్ల బల్బుకి సమానమైన ఎల్‌ఈడీ, అంటే 1500 ల్యూమెన్ల చుట్టుపక్కల, సరిపోతుంది. గదిలో ఏ మూల నిలబడినా పేపరు చదవగలగాలి, అదే కొలత. తల బయటపెట్టి చీకట్లోకి చూస్తూ నిలబడే పోనీ అయితే తలుపు బయట కూడా ఒక లైటు కావాలి. రాత్రంతా లైటు వేసి ఉంచితే ఇంకా త్వరగా అవుతుందనుకోవద్దు. చీకటి లేకపోతే శరీరానికి పగటి లెక్క అందదు. మధ్యలో మూడు నాలుగు రోజులు మానేసి మళ్లీ మొదలుపెట్టడం కూడా పనికిరాదు. రాత్రీ పగలూ బయటే ఉండే పోనీలకి ఒక కంటి మీద నీలి కాంతి పడేలా ముఖానికి తొడిగే మాస్కులు దొరుకుతున్నాయి. మీకు స్టేబుల్ ఉంది కాబట్టి ఆ ఖర్చు అక్కర్లేదు.

ఫలితానికి 8 నుంచి 10 వారాలు పడుతుంది. ఫిబ్రవరి 1న మొదలుపెడితే మార్చి చివర, ఏప్రిల్ మధ్యలో తేడా బాగా కనిపిస్తుంది. అంటే మీ ఏప్రిల్ షోకి కొంత, మే షోకి పూర్తిగా. ఏప్రిల్‌కి పూర్తిగా కావాలంటే డిసెంబరు మొదట్లోనే వేయాల్సింది. ఇంకో సంగతి: ఈ పద్ధతి రేసు గుర్రాల పెంపకం నుంచి వచ్చింది. అక్కడ ఆడ గుర్రాలు త్వరగా ఎదకి రావడానికి లైట్లు వేస్తారు. మీది ఆడ పోనీ కాబట్టి మార్చిలోనే ఎద మొదలై చిరాకుగా, పక్క గుర్రాల మీద ధ్యాసగా ఉండొచ్చు. పాప స్వారీ చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

క్లిప్ ఎందుకు వద్దంటున్నాను

చలికాలపు బొచ్చు రెండు పొరలు. చర్మానికి ఆనుకుని మెత్తటి ఉన్ని, దాని మీద పొడుగ్గా, నూనెగా ఉండే పై వెంట్రుకలు. వాన పడితే నీళ్లు తాటాకు కప్పు మీద నుంచి జారినట్టు ఈ పై వెంట్రుకల మీదుగా జారిపోతాయి, లోపలి ఉన్ని పొడిగా ఉంటుంది. ఎక్స్‌మూర్, షెట్లాండ్, హైలాండ్ పోనీల మీద మంచు కరక్కుండా నిలిచి ఉండటం మీరు చూసే ఉంటారు. ఒంటి వేడి బయటికి పోవడం లేదని దానర్థం. బ్రిటన్ కొండల్లో, బీడు భూముల్లో ఈ జాతులు బతికి బట్టకట్టింది ఈ బొచ్చుతోనే. నేటివ్ క్లాసులో జడ్జి చూసేది ఆ జాతి లక్షణాన్నే. మొత్తం గొరిగిన సెక్షన్ ఏ పోనీ ఆ వరసలో హాక్ అనే నాజూకు షో గుర్రానికి నకలులా కనిపిస్తుంది.

రెండో కారణం నిగారింపు. వెంట్రుక చివర సన్నగా, నున్నగా ఉంటుంది. అలాంటివి వేలకొద్దీ ఒకే వైపు పడుకుంటేనే వెలుగు తిరిగి కొడుతుంది. ఫిబ్రవరి, మార్చిలో క్లిప్ చేస్తే పాత బొచ్చుతో పాటు కింద నుంచి అప్పుడే వస్తున్న వేసవి వెంట్రుకల కొనలు కూడా తెగిపోతాయి. ఆ మొండి చివర్లు మే, జూన్ దాకా అలాగే ఉంటాయి, ఎంత రుద్దినా మెరవవు. అందుకే పాతవాళ్లు జనవరి దాటితే క్లిప్పర్ ముట్టుకోరు. గ్రేలకి కింది నల్ల చర్మం తొంగిచూసి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. డన్, చెస్ట్‌నట్ రంగులైతే వెలిసిపోతాయి.

పీపీఐడీ తేలి, పోనీ ఎండకి ఆగలేక చెమట పడుతుంటే అప్పుడు క్లిప్ చేయడం దాని సుఖం కోసం, అది వేరే మాట. అలా చేయాల్సి వస్తే షోకి కనీసం మూడు వారాల ముందు, మీడియం లేదా కోర్స్ (ముతక) బ్లేడుతో, బాగా కడిగి ఆరిన ఒంటి మీద చేయండి. మురికి ఒంటి మీద బ్లేడు లాగుతుంది, గీతలు పడతాయి. ప్రతి కొన్ని నిమిషాలకి బ్లేడుని మీ మణికట్టు మీద పెట్టి చూడండి, వేడెక్కితే ఆపండి. అక్టోబరులో బర్మింగ్‌హామ్ ఎన్ఈసీలో జరిగే హార్స్ ఆఫ్ ద ఇయర్ షో, డిసెంబరులో లండన్ ఇంటర్నేషనల్ లాంటి వాటికి వెళ్లేవాళ్ల లెక్క వేరు. ఆగస్టు చివర్లోనే కొత్త చలికాలపు వెంట్రుక మొదలవుతుంది కాబట్టి వాళ్లు జులై, ఆగస్టుల్లోనే లైట్లు వేసి వేసవి బొచ్చుని నిలబెడతారు, లేదా సెప్టెంబరు మధ్యలో క్లిప్ చేసి రంగు తిరిగి రావడానికి టైమిస్తారు. మీ యార్డులో క్లిప్ చేయమన్నవాళ్లు ఆ అలవాటుతో చెప్పి ఉంటారు.

రోజూ చేసే పని

ఇక్కడే షో గెలుస్తాం. రోజుకి అరగంట, ఆదివారం కూడా.

పోనీ తడిగా ఉంటే బ్రష్ పెట్టొద్దు. తడి బురదని రుద్దితే అది చర్మంలోకి దిగి పొక్కులొస్తాయి. ఆరనివ్వండి. ఆరాక రబ్బరు కర్రీతో (గుర్రాల ఒళ్లు రుద్దే రబ్బరు పళ్ల దువ్వెన) మెడ నుంచి మొదలుపెట్టి చిన్న చిన్న గుండ్రాలుగా, కాస్త బరువు వేసి తిప్పండి. ఉన్ని మొదలు దాకా చేరాలి, పైపైన నిమిరితే లాభం లేదు. తుంటి ఎముక మీద, మోకాళ్ల కింద, ముఖం మీద చేతి బరువు తగ్గించాలి. తర్వాత పొడుగు కుచ్చు ఉన్న డాండీ బ్రష్‌తో, మణికట్టు విదిలిస్తూ, లేచిన దుమ్ముని బయటికి ఎగరగొట్టండి. మెత్తటి బాడీ బ్రష్ జనవరిలో చర్మం దాకా వెళ్లదు, బొచ్చు పలచబడ్డాకే దానికి పని. ఇనుప కర్రీ కోంబ్ బ్రష్‌ని దులుపుకోడానికి మాత్రమే, పోనీ ఒంటికి ఎప్పుడూ తగలకూడదు.

ఫిబ్రవరి నడిమికి ఒక పరీక్ష చేయండి. భుజం మీద వెంట్రుకల్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య చిటికెడు పట్టి లాగండి. పోనీ చర్మం కదలకుండా, చెవి కూడా తిప్పకుండా కుచ్చు చేతిలోకి వచ్చేస్తే రాలడం మొదలైంది. చర్మం లేచి వస్తే ఇంకా టైముంది. పళ్లున్న షెడ్డింగ్ బ్లేడు ఆ టైము రాకముందే పెడితే వెంట్రుక కుదురు నుంచి రాదు, మధ్యలో విరుగుతుంది. తర్వాత ఆ విరిగిన చోట్లు చారలు చారలుగా కనిపిస్తాయి. టైము వచ్చాక కూడా దాన్ని వెంట్రుక పడుకున్న వైపే, తేలిగ్గా లాగాలి.

ఉన్ని పోయాక పై వెంట్రుకలు అక్కడక్కడ పొడుగ్గా, విడివిడిగా మిగిలిపోతాయి. దవడ అంచున, మెడ కింద, పొట్ట కింద, కాళ్ల వెనక. వెలుతురుకి ఎదురుగా పోనీని నిలబెట్టి పక్క నుంచి చూస్తే అవి తెల్లటి గీతల్లా కనిపిస్తాయి. యార్డుల్లో వీటిని క్యాట్ హెయిర్స్ అంటారు. కత్తెర పెట్టొద్దు. రబ్బరు గ్లవుజు తొడుక్కుని ఒక్కొక్కటే వేళ్లతో లాగండి, రోజుకి పది నిమిషాలు, రెండు వారాలు. ఓపిక కావాలి. పోనీ ఆకారం ఒక్కసారిగా బయటపడేది ఈ పనితోనే. రెండు వారాలు లాగినా అవి కదలకపోతే పైన చెప్పిన రక్తపరీక్ష మాట మళ్లీ గుర్తు చేసుకోండి.

వేడి గుడ్డ. చలిలో స్నానం చేయించకుండా తెల్ల పోనీని శుభ్రం చేసే పద్ధతి ఇదే. బకెట్లో అయిదు లీటర్ల నీళ్లు, రబ్బరు గ్లవుజు వేసుకున్న చేయి ఓర్చుకోగలిగినంత వేడి, అంటే 45 నుంచి 50 డిగ్రీలు. కడగక్కర్లేని షాంపూ సీసా మీద రాసిన కొలతలో కలపండి. నల్ల, బే (గోధుమ రంగు) పోనీలకి బదులుగా ఒక మూత బేబీ ఆయిల్ వేస్తారు. మీ గ్రేకి ఆయిల్ వద్దు, దుమ్ము పట్టి పసుపు రంగు తిరుగుతుంది. పాత టర్కీ తువ్వాలు ముంచి, చుక్క కారకుండా పిండి, ముందు వెంట్రుకలకి ఎదురుగా, తర్వాత పడుకున్న వైపుగా గట్టిగా తుడవండి. మొదటి వారం తువ్వాలు మీద వచ్చే బూడిద రంగు జిడ్డు చూసి కంగారు పడకండి. గుడ్డ మడత మార్చుతూ, అరచేతి వెడల్పు చొప్పున ముందుకి జరుగుతూ, అయిన భాగాన్ని వెంటనే పొడి తువ్వాలుతో తుడిచి రగ్గు మడతతో కప్పేయండి. నీళ్లు చల్లారితే మార్చండి, గోరువెచ్చని నీళ్లకి జిడ్డు వదలదు. మొత్తం అయ్యేసరికి ముప్పావు గంట. పిండడం సరిగ్గా లేకపోతే లోపలి ఉన్ని తడిసి రాత్రంతా ఆరదు. దీంట్లో చెడేది ఎక్కువగా అక్కడే. వెనకాల పక్కటెముకల దగ్గర వేళ్లు బొచ్చులోకి దూర్చి చూడండి, చర్మం దగ్గర చల్లగా తగలకూడదు.

ఈ పని చేస్తూ చర్మాన్ని చూడండి, అది కూడా సగం లాభం. జూలు మొదట్లో, తోక మొదట్లో పాయ తీసి మంచి వెలుతుర్లో చూస్తే పేలు, ఈపులు ఉంటే కనిపిస్తాయి. ఫిబ్రవరిలో ఇది మామూలే. పెర్మెత్రిన్ మందు పోసి రెండు వారాల తర్వాత మళ్లీ పోయాలి, పక్కనున్న గుర్రాలకి కూడా. ఆ మందు పిల్లులకి ప్రాణాంతకం, యార్డు పిల్లుల్ని దూరంగా ఉంచండి. వీపు మీద వెంట్రుకలు కుచ్చులుగా లేచి, లాగితే అడుగున చెక్కుతో ఊడొస్తే రెయిన్ స్కాల్డ్. తడి వల్ల డెర్మటోఫిలస్ అనే బాక్టీరియా చేసే పని. చెక్కుల్ని పొడిగా ఉన్నప్పుడు గీకకుండా క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ పలచని ద్రావణంతో నానబెట్టి తీసి, పూర్తిగా ఆరబెట్టండి. ఆ బ్రష్ ఇంకో గుర్రానికి వాడకండి. ఎర్రగా విస్తరిస్తుంటే వెట్‌కి చూపించండి.

తిండి

దట్టమైన బొచ్చు కింద పోనీ లావో, బక్కో కంటికి తెలియదు. వారానికోసారి పక్కటెముకల మీద వేళ్లు ఆనించి చూడండి. తేలిగ్గా నొక్కితే ఎముకలు తెలియాలి. నేటివ్ పోనీ చలికాలంలో కాస్త తగ్గడం దానికి మంచిదే. షో కదా అని గింజలు, మొలాసిస్ కలిపిన ఫీడు పెంచితే ఏప్రిల్ పచ్చిక రాగానే లామినైటిస్ తెచ్చుకుంటారు. పదిహేడేళ్ల పోనీకి ఇంకా ప్రమాదం.

నిగారింపుకి అవిశె గింజలు మంచివి, వాటిలో 40 శాతం దాకా నూనె. 220 కిలోల పోనీకి రోజుకి 50 గ్రాములతో మొదలుపెట్టి, లావు కాకపోతే 100 గ్రాముల దాకా వెళ్లొచ్చు. మైక్రోనైజ్ చేసినవి, అంటే వేడితో సిద్ధం చేసినవే కొనండి. ఇంట్లో లడ్డూలకి తెచ్చుకున్న పచ్చి అవిశె గింజల్ని నానబెట్టి పెట్టొద్దు. నీళ్లలో నానితే వాటిలోంచి సైనైడ్ విడుదలవుతుంది. పాతకాలంలో అందుకే గంటల కొద్దీ ఉడికించేవారు. బొచ్చులో తేడా కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టాలి. బ్రిటన్ గడ్డిలో రాగి, జింకు తక్కువగా ఉంటాయి, అందుకని ఒక మంచి ఫీడ్ బ్యాలెన్సర్ (విటమిన్లు, ఖనిజాలు కలిపిన దాణా) పాకెట్ మీద రాసినంత ఇస్తే చాలు.

షో వారం

కత్తెర పని వారం, పది రోజుల ముందే అయిపోవాలి, గీతలు మెత్తబడతాయి. వెల్ష్, డార్ట్‌మూర్, న్యూ ఫారెస్ట్, కనెమారా జాతుల్లో కొద్దిగా సర్దడం ఒప్పుకుంటారు. ఎక్స్‌మూర్, ఫెల్, డేల్స్, హైలాండ్, షెట్లాండ్‌లకి కాళ్ల కుచ్చులు, దవడ వెంట్రుకలు ఏవీ కోయరు. మీ దానికి: దవడ కింద గడ్డంలా వేలాడే వెంట్రుకల్ని దువ్వెనతో పట్టి, దువ్వెన బయటికొచ్చినవి మాత్రం. చెవి రెండంచుల్నీ కలిపి మూసి, అంచు దాటి వచ్చినవి మాత్రం. లోపలి వెంట్రుకలు వానా, ఈగలూ దూరకుండా ఉన్నవి, వాటిని వదిలేయాలి. మడమ వెనక కుచ్చుని పైకి దువ్వి, చివర్లు పలచబరచాలి, నున్నగా గొరగకూడదు. మూతి మీద, కళ్ల చుట్టూ ఉండే మీసాల జోలికి అసలు వెళ్లొద్దు. అవి పోనీకి చీకట్లో స్పర్శ తెలిసే అవయవాలు, 2021 జులై నుంచి అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య ఎఫ్ఈఐ తన పోటీల్లో వాటిని తీయడాన్ని నిషేధించింది కూడా. జూలు జడలు వేయకూడదు, తోక మొదలు పీకకూడదు. జూలు మరీ దట్టంగా ఉండి మెడ కనిపించకపోతే అడుగు వరస నుంచి కొన్ని కొన్ని చొప్పున లాగి పలచన చేయొచ్చు.

జూలుకి, తోకకి కొబ్బరినూనె పెట్టాలనిపిస్తుంది, మనవాళ్లు చాలామంది పెడతారు. అది 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. ఏప్రిల్ ఇంగ్లండులో తోక మీద మైనంలా పేరుకుని దుమ్మంతా పట్టుకుంటుంది. సిలికోన్ ఉన్న, చిక్కు విప్పే డీటాంగ్లర్ స్ప్రే చాలు. తోకని వేళ్లతో పాయలు విడదీయాలి, దువ్వెన చివర్నించి పైకి రావాలి. పైనుంచి ఒక్కసారి లాగితే తెగిపోయిన వెంట్రుక తిరిగి పెరగడానికి ఏళ్లు పడుతుంది.

పూర్తి స్నానం షోకి మూడు రోజుల ముందు, అదీ గాలి లేకుండా 12 డిగ్రీలు దాటిన రోజైతేనే. స్నానంతో పోయిన సహజ నూనె మళ్లీ వచ్చి వెంట్రుక పడుకోవడానికి ఆ మూడు రోజులు కావాలి. ముందు రోజు చేయిస్తే బొచ్చు ఉబ్బి పత్తిలా నిలబడుతుంది. గోరువెచ్చని నీళ్లు, బకెట్లో పలచన చేసిన షాంపూ, స్పాంజితో వెంట్రుకలకి ఎదురుగా. గొట్టంతో పైన పోస్తే లోపలికి దిగదు. మిగిలిన షాంపూ ఎండి చుండ్రులా రాలుతుంది, అందుకని కారే నీళ్లు తేటబడేదాకా కడుగుతూనే ఉండాలి. నీలం షాంపూ తోకకి, మోకాలి మచ్చలకి మాత్రమే, సీసా మీద రాసిన టైము దాటకూడదు. దాటితే లేత ఊదా రంగు పడుతుంది, అది రెండు మూడు స్నానాల దాకా పోదు. అయిపోయాక స్క్రేపర్‌తో నీళ్లు దించి, తువ్వాళ్లతో రుద్ది, తేమ లాగే ఫ్లీస్ రగ్గు వేసి, ముందు ఎండుగడ్డి పెట్టండి. గడ్డి పేగుల్లో పులుస్తుంటే ఒంట్లో వేడి పుడుతుంది. రగ్గు పైన చెమ్మ తేలాక ఇంకోటి మార్చండి. చెవుల మొదళ్లు వెచ్చగా ఉన్నంతసేపు భయం లేదు. వాతావరణం సహకరించకపోతే ఒంటికి వేడి గుడ్డ, కాళ్లకీ జూలుకీ తోకకీ మాత్రం నీళ్లు. ఏప్రిల్‌లో మీకు ఎక్కువగా ఇదే దారి పడొచ్చు.

షో రోజు పొద్దున్నే పేడ మరకలుంటే వేడి గుడ్డతో తీసి, బాడీ బ్రష్ పెట్టి, ఆఖర్న పొడి నూలు గుడ్డతో వెంట్రుక పడుకున్న వైపే గట్టిగా నిమరండి. తెల్ల కాళ్లకి చాక్ పొడి రాస్తే మిగిలింది పూర్తిగా దులపండి, జడ్జి చేయి పెడితే అంటకూడదు. మెరుపు స్ప్రే వీపు మీద, నడుం పట్టీ పడే చోట, పగ్గాలు తగిలే మెడ మీద కొట్టకండి. జీను జారుతుంది, స్వారీ చేసేది పదకొండేళ్ల పిల్ల. తోక మొదలుని తడి చేసి బ్యాండేజి అరగంట కడితే వెంట్రుకలు చక్కగా పడుకుంటాయి. రాత్రంతా మాత్రం కట్టి ఉంచొద్దు, రక్తం ఆడదు.

బొచ్చు సగం రాలిన పోనీని వార్మప్‌లో తక్కువ తిప్పండి. చెమట పడితే ఉన్ని ముద్దలు కట్టి వంకీలు తిరుగుతుంది, ఆరకముందు బ్రష్ పెడితే ఇంకా పాడవుతుంది. తువ్వాలుతో అద్ది వదిలేయండి. ఆ బొచ్చుకి అద్దంలాంటి మెరుపు రాదు, రావాలని ప్రయత్నించొద్దు కూడా. శుభ్రంగా, మెత్తగా, ఒకే వైపు పడుకుని ఉంటే ఏప్రిల్‌లో నేటివ్ జాతులు తెలిసిన జడ్జి తప్పు పట్టరు.

ఇంటికొచ్చాక స్ప్రేలు, చాక్ అన్నీ అదే సాయంత్రం వేడి గుడ్డతో తీసేయండి. స్నానంతో నూనె పోయిన ఒంటి మీద వాన నీళ్లు నేరుగా చర్మానికి దిగుతాయి, ఏప్రిల్ రాత్రులు సున్నా దగ్గరికి పడిపోతుంటాయి. వారం పది రోజులు పచ్చికలోకి పంపేటప్పుడు దూది నింపని, నీళ్లు దిగని పలచటి రగ్గు ఒక్కటి వేయండి, ఎండ కాస్తే తీసేయండి. లైటు టైమర్ మాత్రం మే షో అయ్యేదాకా ఆపకండి. రక్తపరీక్ష ఫలితం వచ్చాక ఇక్కడ రాస్తే, దాన్ని బట్టి తిండి లెక్క మార్చి చెప్తాను.